చంకన పిల్లతో కొండెక్కేవారికి

ఏడాది నిండి నాలుగేళ్లు దాటని పిల్లలున్న ఇంట్లో అరకు మాట వచ్చిందంటే ముందుగా తయారయ్యేది చూడాల్సినవాటి జాబితా. బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ వ్యూపాయింట్, అనంతగిరి కాఫీ తోటలు, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి, ఓపికుంటే తెల్లవారకముందే లేచి మాడగడ మేఘాలు. అన్నీ చూడదగ్గవే. చిక్కల్లా ఆ జాబితా పెద్దవాళ్ల కాళ్లను, పెద్దవాళ్ల ఓపికను కొలతగా పెట్టుకుని రాసింది కావడమే. బుడిబుడి నడకల పిల్లలతో చిన్న కొండ ఊరికి వెళ్లేవారికి వేరే కొలత కావాలి. పిల్ల రెండు నిద్రల మధ్య ఎంతసేపు హుషారుగా మేలుకుని ఉంటుందో, ఆ సేపే ఆ కొలత. ఆ మెలకువలో పట్టినంతే ప్రోగ్రాం. పట్టనిదాన్ని బయల్దేరకముందే కొట్టేయాలి.

కొంచెం లెక్క చూద్దాం. విశాఖపట్నం నుంచి అరకు రోడ్డు మీద దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా మైదానమే, ఆ తర్వాత ఘాట్. టిఫినుకోసారి, ఫొటోకోసారి ఆగుతూ పోతే మూడున్నర నాలుగు గంటలు ఇట్టే అయిపోతాయి. అంటే పొద్దున వెళ్లి రాత్రికి దిగే ఒక్కరోజు యాత్రలో ఏడెనిమిది గంటలు సీట్లోనే గడుస్తాయి. ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలిస్తూ ఉండాలి. కదలనివ్వకుండా కూర్చోబెట్టడం ఒక విడతలో గంటకు మించకూడదు. పగటి కునుకుతో కలిపి ఏడాది, రెండేళ్లవారికి 11 నుంచి 14 గంటలు, మూడు, నాలుగేళ్లవారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. సగటున పన్నెండు గంటలు నిద్రకు తీసేస్తే రోజులో మిగిలేవి పన్నెండే. అందులో ఎనిమిది బండికే పోతే, మిగిలిన నాలుగింటిలోనే తిండి, స్నానం, డైపర్లు, టికెట్ల క్యూలు, ఇన్ని స్థలాలు, పైగా మూడు గంటల ఆట ఇరకాలి.

ఒక్కరోజు అటూఇటూ అయితే కొంప మునిగిపోదని ఎవరైనా అంటే కాదనలేం. ఆ సంస్థ చెప్పింది రోజువారీ అలవాట్ల గురించి, ఏడాదికోసారి చేసే విహారయాత్ర గురించి కాదు. అయినా ఆ అంకెలు ఇక్కడ పనికొస్తాయి, ఎందుకంటే యాత్రలో పిల్లలు ఎప్పుడు, ఎందుకు బేజారవుతారో అవి ముందే చెప్పేస్తాయి. ఇక కునుకు కార్లోనే తీస్తుంది కదా అనేది రెండో మాట. తీస్తుంది, నిజమే. కానీ సరిగ్గా ఆ కునుకు పట్టిన వేళకే వ్యూపాయింట్ వస్తుంది. ఇంతదూరం వచ్చి చూపించకపోతే ఎలా అని లేపుతారు. కళ్లు నులుముకుంటూ లేచిన పిల్ల లోయకేసి చూడదు, అమ్మ భుజంలో మొహం దాచుకుని ఏడుస్తుంది. అక్కడి నుంచి ఆ పూటంతా గోలే. ఆ గోలకు మొండితనమనో, దిష్టి తగిలిందనో పేరు పెడతాం. అసలు కారణం ముప్పావు గంట దగ్గర తెగిపోయిన నిద్ర.

ఘాట్ రోడ్డు సంగతి విడిగా చెప్పుకోవాలి. బండి మలుపులకు కడుపులో తిప్పడం రెండేళ్లలోపు పిల్లల్లో అరుదు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా మాత్రం ఎక్కువ. కాబట్టి పోయినేడాది ఏ ఇబ్బందీ లేకుండా ఘాటెక్కిన పిల్ల ఈ ఏడాది వాంతి చేసుకుంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రెండున్నరేళ్లది తనకు తిప్పుతోందని చెప్పలేదు. మొహం పాలిపోవడం, అదేపనిగా ఆవులించడం, నోట్లో ఉమ్మి ఊరడం, ఉన్నట్టుండి మాట మానేయడం చూసి మనమే కనిపెట్టాలి. అప్పుడు చేతికి ఫోనిస్తే మరింత ఎక్కువవుతుంది. కన్నేమో కదలని తెరను చూస్తుంటుంది, చెవి లోపలి భాగమేమో ఒళ్లు ఊగుతోందని చెబుతుంటుంది. ఆ రెంటికీ పొత్తు కుదరకే వికారం. అద్దం దించి గాలి తగలనివ్వాలి, దూరంగా ఉన్న కొండను చూపించాలి, వీలైన చోట బండి ఆపాలి. బయల్దేరే ముందు పొట్టనిండా పాలు పట్టడం కంటే ఒక ఇడ్లీయో, నాలుగు ముద్దల పెరుగన్నమో మేలు. వాంతుల మాత్రలు, నిద్ర పట్టించే సిరప్‌లు డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు. ప్రోమెథజీన్ లాంటివి రెండేళ్లలోపు వారికి అసలే తగవు, ఊపిరిని ప్రమాదకరంగా మందగింపజేయగలవు.

గంటకు మించి కూర్చోబెట్టకూడదన్నాం కదా అని, పిల్ల ఏడుస్తోందని ఘాట్ మీద బెల్టు విప్పి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మాత్రం కూడదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటు బెల్టో, పిల్లల సీటో లేకుండా బండి నడిపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అటుంచండి, మలుపులో ఎదురొచ్చే లారీకి బ్రేకు కొడితే ఒళ్లో పిల్లను ఏ తల్లి చేతులూ ఆపలేవు. మన అద్దె కార్లలో పిల్లల సీటు దొరకడం కష్టం కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకోవడమే దారి. శృంగవరపుకోటలో ఒకసారి, త్యాడ దగ్గర ఒకసారి, అనంతగిరిలో ఇంకోసారి ఆగి పిల్లను నేల మీద వదిలితే ఆ సీటు అంత చెరసాలలా ఉండదు.

రైలైతే ఈ బాధలు చాలావరకు తప్పుతాయి. విశాఖలో పొద్దున ఏడు గంటల ప్రాంతంలో బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు అరకు చేరడానికి దాదాపు నాలుగు గంటలు తీసుకుంటుంది. కారు కంటే తొందరగా ఏమీ పోదు, కానీ పిల్లలు అటూఇటూ తిరగొచ్చు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో జపాను సహకారంతో వేసిన ఈ కొత్తవలస–కిరండూల్ దారిలో మొత్తం 58 సొరంగాలు. బొర్రా స్టేషన్‌కు ముందూ వెనకా అవి వరసగా తగులుతాయి. 2017లో ఈ రైలుకు తగిలించిన అద్దాల విస్టాడోమ్ పెట్టె కోసం జనం పోటీపడతారు గానీ, రెండేళ్ల పిల్లకు అద్దాల కప్పుతో ఏం పని? సొరంగం చాలు. మొదటి సొరంగంలో పెట్టె మొత్తం చీకటై చక్రాల మోత రెట్టింపవుతుంది, పడుచువాళ్లు కేకలేస్తారు. పిల్ల బిక్కచచ్చిపోయి నాన్న చొక్కా పట్టుకుంటుంది. రెండో సొరంగంలో పట్టు కాస్త సడలుతుంది. నాలుగోదానికల్లా వెలుగు రాగానే చప్పట్లు కొట్టి, "మళ్లీ" అంటుంది. ముందే "ఇప్పుడు చీకటి, ఇదిగో వెలుగు" అని చెబుతూ ఉంటే ఆ భయం కూడా తొందరగా ఆటైపోతుంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో వచ్చేవారు అదే పొద్దున ఈ కిరండూల్ రైలు అందుకోవాలని చూడకుండా విశాఖలో ఒక రాత్రి ఆగితే మంచిది. రెండు రైళ్లు ఒకేరోజు పెద్దవాళ్లకే బరువు.

ఇక ఊరికి చేరాక. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే కాబట్టి ఆ భయం ఇక్కడ లేదు. రెండు రాత్రులు ఒకే బసలో ఉండేలా పెట్టుకుంటే మధ్యలో ఒక పూర్తి రోజు చేతికి దొరుకుతుంది. ఆ రోజులో పొద్దుటి మెలకువకు ఒకటి, సాయంత్రం మెలకువకు ఒకటి, అంతే. మధ్యాహ్నం గదిలో కునుకు. పొద్దున పద్మాపురం గార్డెన్స్ అనుకుందాం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది. పెద్దవాళ్లు గులాబీలు, చెట్ల మీది గుడిసెలు, బొమ్మ రైలు చూసి అరగంటలో తేల్చేస్తారు. పిల్లకు గేటు దాటగానే ఒక చీమల బారు కనిపిస్తుంది. దాని పక్కనే గొంతుకూర్చుంటుంది. పుల్ల అడ్డం పెడుతుంది, చీమలు పక్కనుంచి పోతాయి, పుల్ల తీస్తుంది, మళ్లీ పెడుతుంది. ఇరవై నిమిషాలు. చెయ్యి పట్టి లాగితే ఏడుపు, లాగకపోతే ఆట. ఇదంతా ఇంటి దగ్గర పార్కులో జరగదా అంటే జరుగుతుంది, కానీ ఇక్కడ చల్లగాలి ఉంది, ఆఫీసు ఫోన్లు లేని అమ్మానాన్న పక్కన తీరిగ్గా కూర్చున్నారు. నవంబరు, డిసెంబరుల్లో అయితే రోడ్డు పక్క పొలాలన్నీ వలిసె పూలతో పచ్చగా ఉంటాయి. కాఫీ పండ్లు కోసే కాలమూ అదే. ఎర్రటి పండ్లను ఆరబోసిన కళ్లం దగ్గర రైతును అడిగి ఒక గుప్పెడు చేతిలో పోయించుకుంటే, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ గురించి పెద్దలకూ నాలుగు మాటలు తెలుస్తాయి. పండు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండటం మన పని.

అరకు చిన్న ఊరు కావడమే ఈ పద్ధతికి కలిసొచ్చే సంగతి. ఊటీలోనో, సిమ్లాలోనో బస నుంచి తోటకు వెళ్లాలన్నా ట్రాఫిక్కులో అరగంట పోవచ్చు. అరకులో మ్యూజియం, తోట, బజారు, బస అన్నీ దగ్గర దగ్గరే. పిల్ల పేచీ పెడితే పది నిమిషాల్లో గదిలో ఉంటాం. గిరిజన మ్యూజియంలో ధింసా ఆడుతున్నట్టు నిలబెట్టిన మనిషంత బొమ్మల ముందు మూడేళ్ల పిల్ల తనూ చేతులూపుతుంది. పక్కనే బొంగులో చికెన్ కాలుస్తున్న బొగ్గుల దగ్గరకు మాత్రం పోనివ్వకండి.

అయితే ఇంతదూరం పోయి బొర్రా గుహలు చూడకుండా రావాలా? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఇందులో న్యాయం కూడా ఉంది. టికెట్లు కొని, సెలవులు పెట్టి వెళ్లే పెద్దవాళ్లకూ సరదాలుంటాయి. యాత్ర మొత్తాన్ని పిల్లకు అప్పగించి అమ్మానాన్న పళ్లు బిగించుకుని కూర్చుంటే అది సెలవూ కాదు, మర్నాటికి ఆ చిరాకు పిల్ల మీదకే మళ్లుతుంది. జవాబు వంతులు వేసుకోవడం. బొర్రాలో చాలా మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. లోపల రాయి తడిగా, జారుడుగా ఉంటుంది. చీకట్లో రంగు దీపాలు, గబ్బిలాల వాసన, జనం హోరు. స్ట్రోలరు పనికిరాదు, చంకనెత్తుకుని దిగితే ఎత్తుకున్నవారికీ ప్రమాదమే. ఒకరు దిగి చూసొచ్చేదాకా ఒకరు పైన పిల్లతో ఉండి, తర్వాత మారితే సరి. పైన కోతులుంటాయి కాబట్టి బిస్కెట్ పొట్లం చేతిలో కనపడనివ్వకూడదు. మాడగడ మేఘాలకూ ఇదే పద్ధతి: నాలుగింటికి ఒకరు లేచి వెళ్లండి, రెండోవారు పిల్ల పక్కన పడుకోండి. కటికి జలపాతం కుదుపుల జీపు, ఆపైన నడక. దాన్ని నిస్సంకోచంగా వదిలేయొచ్చు. డుంబ్రిగూడ దగ్గరి చాపరాయి మాత్రం చూడ్డానికి పిల్లల కోసమే పుట్టినట్టుంటుంది, పరుపురాయి మీద పలచగా జారే నీళ్లు. ఆ అందమే మోసం. నాచు పట్టిన రాయి పెద్దవాళ్లనే పడేస్తుంది. ఒడ్డునే కూర్చుని కాళ్లు తడుపుకోవడం వరకే.

ఈ వయసులో చూసినవేవీ గుర్తుండవు, ఐదేళ్లొచ్చాక తీసుకెళ్దాం అనేది ఇంకో వాదం. పెద్దయ్యాక మనిషికి మిగిలే తొలి జ్ఞాపకాలు సగటున మూడు, మూడున్నరేళ్ల ప్రాంతానివని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెబుతున్న మాట నిజమే. కాబట్టి పిల్లకు జ్ఞాపకం కోసమే వెళ్లదలిస్తే ఆగడమే సబబు. కానీ ఏడాదిన్నర పిల్లలు కూడా కొన్ని నెలల కిందట జరిగినదాన్ని గుర్తుపెట్టుకోగలరని ప్రయోగాల్లో తేలింది. సొరంగం గురించి సంక్రాంతికి అమ్మమ్మకు చెప్పగలిగితే అది పిల్లకు లాభమే, ముప్పై ఏళ్ల తర్వాత మరిచిపోయినా సరే. పైగా ఈ వాదాన్ని కాస్త ముందుకు లాగితే మూడేళ్లలోపు పిల్లలకు పుట్టినరోజులూ చేయకూడదు, కథలూ చెప్పకూడదు. యాత్ర అమ్మానాన్నలది కూడా. వాళ్లకు గుర్తుంటుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంటి పెద్దలది. మన ఇళ్లలో పిల్లలను కొండలెక్కించడం కొత్తా? పుట్టువెంట్రుకలు తీయించడానికి ఏడాది, మూడేళ్ల పిల్లలను తరతరాలుగా తిరుమల తీసుకెళ్తూనే ఉన్నాం, సింహాచలం, శ్రీశైలం, యాదగిరిగుట్ట ఎక్కిస్తూనే ఉన్నాం, అప్పుడెవరు ఈ గంటల లెక్కలు వేశారు అంటారు. లెక్క వేయలేదు, ఎందుకంటే వేయాల్సిన అవసరం రాలేదు. మొక్కు తీర్చుకోవడానికి పోయే కుటుంబంలో ఒక పిల్లకు ఆరు ఒళ్లు ఉండేవి. నాయనమ్మ ఒళ్లో నిద్ర, మేనమామ భుజాన నడక, అత్త చేతి ముద్ద. ఎవరో ఒకరు సత్రంలో ఆగేవారు. చూడాల్సిందీ ఒక్కటే, దైవదర్శనం. ఆ దర్శనానికి కూడా ఏడాదిలోపు పసిపిల్లల తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం దారిన వేరే ప్రవేశం పెట్టారంటే, క్యూలో పసివాళ్ల ఇబ్బంది దేవస్థానానికీ తెలిసిందన్నమాట. ఇప్పుడు ఇద్దరే పెద్దవాళ్లు, నాలుగు చేతులు, ఎనిమిది స్థలాలు. పాత పద్ధతే కావాలంటే దాన్ని పూర్తిగా తీసుకోవాలి: అమ్మమ్మనో, నాయనమ్మనో, ఒక పిన్నినో వెంట తీసుకెళ్లడం. అలా కుదిరితే కొట్టేసిన జాబితాలోంచి ఒకటి రెండు తిరిగి చేర్చుకోవచ్చు. ఆవిడను ఆయాగా మాత్రం చూడకండి, ఆవిడకూ వంతు ఉండాలి.

రెండు రాత్రుల బస ఖర్చు నిజమైన ఇబ్బందే, దాన్ని మాటలతో కొట్టిపారేయలేం. ఏపీ టూరిజం వారి హరిత రిసార్టులు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి, సంక్రాంతి, క్రిస్మస్ సెలవులు తప్పించి మామూలు రోజుల్లో పోతే గదులు చవకగా, తేలిగ్గా దొరుకుతాయి. తిరిగే స్థలాలు తగ్గితే రోజంతా కారు మాట్లాడుకునే పని తప్పుతుంది, అందులో కొంత కలిసొస్తుంది. అదీ కుదరకపోతే అరకు మాని, విశాఖలోనే కైలాసగిరి మీద ఒక సాయంత్రం గడపడం ఒక్కరోజు అరకు కంటే పిల్లకు సుఖం.

గదిలో అడుగుపెట్టగానే సామాను విప్పకముందు అయిదు నిమిషాలు పిల్ల ఎత్తుకు వంగి చుట్టూ చూడండి. బాత్రూమ్ గడియ లోపలివైపు పిల్లకు అందే ఎత్తులో ఉందా? ఉంటే తలుపు సందులో చెప్పు పెట్టి ఉంచాలి, లేదంటే లోపల గడియ వేసుకుని తీయడం రాక ఏడ్చే ప్రమాదం ఉంది. బాల్కనీ కమ్మీల సందులోంచి తల దూరుతుందా? కెటిల్ వైరు బల్ల అంచున వేలాడుతోందా? కొండ ఊళ్లలో పొద్దున్నే సిబ్బంది బకెట్లతో వేడినీళ్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టడం మామూలు. ఆ బకెట్ వచ్చేవేళకు పిల్ల మంచం మీదే ఉండాలి, బకెట్లో ముందు చన్నీళ్లు పోసుకున్నాకే నేల మీదకు దించాలి.

వెయ్యి మీటర్లు ఎక్కితే వాతావరణం సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అరకులో ఒక అంకె ఉష్ణోగ్రతలు మామూలే. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే వేడి తొందరగా పోతుంది. ఒకే లావుపాటి స్వెట్టరు కంటే పలచటి దుస్తులు రెండు మూడు పొరలుగా వేస్తే ఎండ రాగానే ఒకటి విప్పొచ్చు. చలిలో పిల్లలు నీళ్లు అడగరు, మనమే గుర్తుపెట్టుకుని పట్టాలి. తిండికి కొత్త రుచుల ప్రయోగం రోజుకు ఒక్క ముద్ద చాలు. ఉగ్గుపొడి, అటుకులు, ఒక కెటిల్ ఉంటే హోటల్ కారాల గొడవ ఉండదు. అడిగితే ఊళ్లో చోడి జావ దొరకొచ్చు. ఏజెన్సీలో మలేరియా బెడద వానాకాలంలో ఎక్కువ, మిగతా కాలాల్లోనూ సాయంత్రమైతే పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, రాత్రి దోమతెర తప్పనిసరి. దోమల క్రీము పిల్లల అరచేతులకు రాయకూడదు, అవి నోట్లోకే పోతాయి. తిరిగొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే అరకు వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్ష తొందరగా చేస్తారు. ఊళ్లో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, పెద్ద వైద్యానికి మాత్రం విశాఖ దిగాల్సిందే. అందుకే ముందురోజే జ్వరం, విరేచనాలు ఉన్న పిల్లను "కొండగాలికి తగ్గిపోతుందిలే" అని బయల్దేరదీయొద్దు. టికెట్ డబ్బు పోతే పోయింది.

దిగేటప్పుడు పొద్దుటి కునుకు వేళకు కాస్త ముందుగా బయల్దేరితే ఘాట్‌లో సగం నిద్రలోనే గడుస్తుంది. సాయంత్రం దాకా ఆగితే మలుపులకు చీకటీ పొగమంచూ తోడవుతాయి. దిగేటప్పుడు పిల్ల మేలుకుని ఉన్నంతసేపూ చెవులు మూసుకుపోకుండా గుక్క గుక్కగా నీళ్లు పట్టాలి. శృంగవరపుకోట చేరగానే బండి ఆపి స్వెట్టర్లు, మేజోళ్లు విప్పేయండి. కింద ఉక్క మొదలైనా కొండ మీది బట్టలతోనే ఉన్న పిల్ల ఏడుస్తుంటే ఆకలనుకుని పాలు పట్టేస్తాం, ఆ పాలన్నీ కొత్తవలస దాటకముందే బయటికొస్తాయి.